చేపలు మెచ్చే కాంక్రీట్

కాంక్రీట్ ల్యాబుల్లో తీర్పు చెప్పేది ప్రెస్సే. 15 సెంటీమీటర్ల ఘనాన్ని 28 రోజులు నీళ్లలో క్యూరింగ్ చేసి, ఎంత బరువుకు పగిలిందో రాసుకుంటారు. మేడ కట్టడానికి అది చాలు. సముద్రం అడుగున చేపల కోసం వేసే కృత్రిమ దిబ్బకు మాత్రం చాలదని నా గట్టి నమ్మకం.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఈ దిబ్బల మీద పనిచేస్తోంది. బావి వరల్లాంటివి, త్రికోణాకారపువి దించి చూసింది. 2020లో మత్స్య సంపద యోజన వచ్చాక వీటికి డబ్బూ సమకూరింది. ఆకారం గురించి చర్చ బాగానే జరుగుతోంది. పైపొర సంగతే వెనకబడింది.

కొత్త దిమ్మె పగలగొట్టి ఫినాఫ్తలీన్ చల్లండి. క్షణంలో లోపలంతా ముదురు గులాబీ రంగు. సిమెంట్‌లోని సున్నం అది. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, సముద్రపు నీటిది 8 చిల్లర. చేపలు చేరాలంటే దిమ్మెకు ముందు గుల్లలు పట్టాలి, అంత ఘాటు మీద గుల్లల పిల్లలు తొందరగా నిలవవు. పైగా అచ్చులకు నూనె రాసి నున్నగా తీస్తాం. ఆ నూనె, ఆ నునుపు, రెండూ వాటికి అడ్డే.

సిమెంట్ కొంత తగ్గించి స్లాగో ఫ్లైయాషో కలిపితే సున్నం తగ్గుతుంది. విశాఖ ఉక్కు కొలిమీ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రమూ మనకు దగ్గరే. తాడేపల్లిగూడెం రైసుమిల్లుల ఊక బూడిద మీద నాకు మరీ ఆశ. అందులో ఎక్కువ భాగం సిలికాయే. అయితే మిల్లు బాయిలర్‌లో ఎలా పడితే అలా కాలిన నల్ల బూడిద నేరుగా పనికిరాదు. వేడి మరీ పెరిగితే సిలికా స్ఫటికంగా మారి చురుకు పోతుంది. కాల్చే పద్ధతి ముందు కుదరాలి.

మరో మాట. దిబ్బ దగ్గర వలలో పడిన బరువు చూసి చేపలు పెరిగాయనుకోవడం తొందరపాటు. చుట్టుపక్కల ఉన్నవే అక్కడికి చేరి ఉండొచ్చు. పండుగప్పలాంటివి పిల్లలుగా మొగల్లోని ఉప్పుకయ్యల్లో పెరుగుతాయి. కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు పూడిపోతే ఎంత మంచి దిమ్మె దించినా ఆ లోటు తీరదు.

ఒక్కో కాంక్రీట్ మిశ్రమంతో ఒక్కో పలక పోసి ఉప్పుటేరు మొగ దగ్గర తాడుకు వేలాడదీస్తే మంచి పరీక్షే. కాకపోతే కొల్లేటి వరద దిగినప్పుడు అక్కడ ఉప్పదనం పడిపోతుంది, అంటుకున్న గుల్లలు తట్టుకోలేవు. కాబట్టి వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తీసి చూడాలి. అవే పలకలు సముద్రంలోనూ ఉండాలి, ఏడాదికి తక్కువ కాకుండా.