జీతమిచ్చి దూకించే బడి

విశాఖ ఆర్.కె. బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగే సాయంత్రం జనమంతా తలెత్తి ఆకాశంలోకే చూస్తుంటారు. మెరైన్ కమాండోలు మూడు రంగుల జెండాను వెంట తెచ్చుకుంటూ, పారాషూట్లతో గాల్లో చుట్లు తిరిగి ఇసుక మీదికి దిగే ఘట్టం కోసం పిల్లలు తండ్రుల భుజాలెక్కి కూర్చుంటారు. 2025 జనవరి తొలివారంలో రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాషూట్లు గాల్లోనే ఒకదానికొకటి చిక్కుకున్నాయి. ఇద్దరూ గిర్రున తిరుగుతూ వచ్చి తీరానికి దగ్గర్లోనే సముద్రంలో పడ్డారు. నేవీ పడవ వెంటనే వాళ్లను అందుకుంది, ప్రాణాపాయం తప్పింది. ఆ వీడియో చూసినవాళ్లకు గుండె ఝల్లుమన్న క్షణమే గుర్తుండిపోయింది. సమయానికి అందుకున్న ఆ పడవ గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ.

నిజానికి స్కైడైవింగ్‌లో ఖరీదైనది ఆ పడవే. అంటే దూకే మనిషి చుట్టూ ఉండే ఏర్పాటు: విమానం, ఇంధనం, పైలట్, నేర్పే గురువు, పారాషూట్లను తనిఖీ చేసే రిగ్గర్, కింద అంబులెన్సు. మామూలు మనిషి ఇవన్నీ డబ్బిచ్చి కొనుక్కోవాలి. హర్యానాలోని నార్నౌల్ లాంటి చోట శిక్షకుడి ఒంటికి కట్టించుకుని ఒక్కసారి దూకే టాండెమ్ జంప్‌కే పాతికవేల రూపాయల పైన అవుతుంది. సొంతంగా దూకే అర్హత కావాలంటే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. అమెరికా పారాషూట్ సంఘం ఇచ్చే మొదటి మెట్టు ‘ఎ’ లైసెన్సుకు కనీసం 25 జంప్‌లు ఉండాలి. అక్కడే నేర్చుకున్నా మూడువేల డాలర్లకు తక్కువ కాదు, మన డబ్బులో రెండున్నర లక్షల మాట. విమాన ఛార్జీలు, బస, భోజనం దానికి అదనం. మధ్యతరగతి ఇంట్లో ఈ లెక్క చెప్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

సైన్యంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ దూకేవాడు ఎదురు డబ్బు కట్టడు. అర్హత సాధించి పారా యూనిట్‌లో కొనసాగినంత కాలం అతనికే ప్రతి నెలా పారా అలవెన్సు వస్తుంది. దూకడం నేర్పే వాళ్లకు ఇంకో అలవెన్సు ఉంది. ఖరీదైన ఆటల్లో ఇలాంటి వెసులుబాటు అరుదు. అయితే ఇది ఊరికే వచ్చేదని అనుకుంటే పొరపాటు. డబ్బుకు బదులు సైన్యం మోకాళ్లను, మడమలను, ఏళ్లను అడుగుతుంది.

ఆ చదువంతా మొదలయ్యేది ఆగ్రాలో, వైమానిక దళం నడిపే పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌లో. దాని మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. 1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ పారాషూట్ బ్రిగేడ్ ఏర్పడింది. ఇప్పుడు సఫ్దర్‌జంగ్ అంటున్న విల్లింగ్డన్ విమానాశ్రయంలో శిక్షణ మొదలై, తర్వాత ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న చక్లాలాకు మారి, దేశ విభజనతో ఆగ్రా చేరింది. పారాషూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికుల్లో ఒకరు లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్, మరొకరు హవల్దార్ మేజర్ మథురా సింగ్. రంగరాజ్ డాక్టరు! ఆయనే తర్వాత 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్‌కు నాయకుడై కొరియా వెళ్లారు. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ సైనికులతో పాటు విమానంలోంచి దూకి క్షతగాత్రులకు వైద్యం చేశారు, మహావీర్ చక్ర అందుకున్నారు. ఆ యూనిట్ వారసులే 2023లో భూకంపం వచ్చిన తుర్కియేకు వెళ్లి ఆసుపత్రి తెరిచారు.

సైన్యంలో చేరాలనుకునే మన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇందులో ఉంది. పారాషూట్‌తో దూకి అర్హత సాధించినవారు ఛాతీ మీద పెట్టుకునే రెక్కల గుర్తు, అంటే పారా వింగ్స్, తుపాకీ పట్టే పదాతి దళానికే పరిమితం కాదు. పారా బ్రిగేడ్‌తో పనిచేసే డాక్టర్లు, ఇంజినీర్లు, సిగ్నల్స్ వాళ్లు, ఫిరంగి దళం వాళ్లు కూడా ప్రొబేషన్ గట్టెక్కి, ఆగ్రా వెళ్లి దూకి, మెరూన్ టోపీ పెట్టుకుంటారు. ఇక పారాషూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం మనకు పక్కనే, బెంగళూరులో ఉంది. మనవాళ్లకు ఆ రెజిమెంట్ కొత్త కాదు: 2021 డిసెంబరులో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో అమరుడైన లాన్స్‌నాయక్ సాయితేజ 11 పారా స్పెషల్ ఫోర్సెస్ సైనికుడు. ఆయనది అప్పటి చిత్తూరు జిల్లాలోని కురబలకోట మండలం.

ఆగ్రాలో మొదట నేర్పేది ఎగరడం కాదు, పడటం. గుండ్రటి సైనిక పారాషూట్ మనిషిని సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో దించుతుంది. అయిదారడుగుల గోడ మీంచి దూకితే నేల ఎంత గట్టిగా తగులుతుందో అంత గట్టిగా తగులుతుంది, అదీ వీపు మీద బరువుతో. అందుకని కాళ్లు, మోకాళ్లు అతికించినట్టు దగ్గరపెట్టి, పాదాల ముందు భాగం ఆనగానే ఒంటిని పక్కకు మళ్లించాలి. ఆ దెబ్బ పిక్క మీదుగా తొడకు, తొడ మీంచి పిరుదుకు, అక్కడినుంచి వీపు పక్కకు పాకి సర్దుకోవాలి. ఒక్క చోటే ఆగిందంటే ఎముక విరుగుతుంది. ఎత్తు తక్కువ గట్టు మీంచి మొదలుపెట్టి ఎడమకు, కుడికి, వెనక్కి, ఒళ్లు తనంతట తానే దొర్లేదాకా చేయిస్తారు. చూసేవాళ్లకు విసుగనిపించే ఈ సాధనే తర్వాత వందల జంప్‌లలో మనిషిని నిలబెడుతుంది. డబ్బు కట్టి ఒక్కపూట పాఠంతో విమానమెక్కే పర్యాటకుడికి ఈ ఓపిక ఎవరూ నేర్పరు.

అసలు జంప్ మొదట స్టాటిక్ లైన్ పద్ధతిలో ఉంటుంది. పారాషూట్‌కు కట్టిన పట్టీ రెండో కొస విమానంలోని తీగకు తగిలించి ఉంటుంది. మనిషి బయటికి దూకగానే ఆ పట్టీ బిగుసుకుని పారాషూట్‌ను లాగి తెరుస్తుంది. ఎత్తు సుమారు 1250 అడుగులే కాబట్టి గాల్లో ఉండేది నిమిషం పైచిలుకు. వెయ్యి, రెండు వేలు, మూడు వేలు అని లెక్కపెట్టుకుని తలెత్తి గొడుగు సరిగా విచ్చుకుందో లేదో చూసుకోవాలి. రాత్రి జంప్‌తో కలిపి అయిదు పూర్తయితే వింగ్స్ ఛాతీ మీదికొస్తాయి. 2015 ఆగస్టులో మహేంద్ర సింగ్ ధోనీ కూడా ఆగ్రాలో ఏఎన్-32 విమానంలోంచి అయిదుసార్లు దూకాకే ఆ రెక్కలు పెట్టుకున్నారు. టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా అంతకు నాలుగేళ్ల ముందే వచ్చినా, హోదా చూసి ఎవరూ రెక్కలివ్వరు.

ఇక్కడిదాకా ఉద్యోగం. స్కైడైవింగ్ అని జనం ముద్దుగా చెప్పుకునేది దీని తర్వాత మొదలవుతుంది.

ఫ్రీ ఫాల్‌లో పారాషూట్ తెరిచే బాధ్యత దూకినవాడిదే. బోర్లా పడుకున్న భంగిమలో మొదటి వెయ్యి అడుగులు పడటానికి పది సెకన్లు పడుతుంది. ఆ తర్వాత వేగం గంటకు 190 కిలోమీటర్ల దగ్గర నిలకడకొచ్చి ప్రతి వెయ్యి అడుగులూ సుమారు అయిదున్నర సెకన్లలో జారిపోతాయి. పదివేల అడుగుల నుంచి దూకి నాలుగువేల దగ్గర తెరిస్తే చేతిలో ఉండేది దాదాపు 37 సెకన్లు. ‘ఎ’ లైసెన్సుకు కావలసిన 25 జంప్‌లూ ఒక విద్యార్థి ఇదే ఎత్తు నుంచి చేశాడనుకున్నా, అతను నిజంగా గాల్లో తేలుతూ నేర్చుకున్న సమయం మొత్తం పావుగంట. ఈ విద్య ఎందుకింత ఖరీదో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

అందుకే నిలువు గాలి సొరంగాలు వచ్చాయి. కింది నుంచి ఎగదన్నే గాలిలో మనిషి నేలకు కాస్త ఎత్తులో తేలుతూ అరచేయి తిప్పితే ఎటు మళ్లుతాడో, మోకాలు చాపితే ఎటు జారతాడో నేర్చుకుంటాడు. సొరంగంలో పది నిమిషాలంటే పై లెక్క ప్రకారం పదహారు జంప్‌ల అభ్యాసం. హిమాచల్‌ప్రదేశ్‌లోని బక్లోహ్‌లో, స్పెషల్ ఫోర్సెస్ శిక్షణ పాఠశాలలో సైన్యానికి సొంత సొరంగం ఉంది. హైదరాబాద్ శివార్లలో కూడా ఇండోర్ స్కైడైవింగ్ కేంద్రం ఒకటి పనిచేస్తోంది. సెలవు మీద ఇంటికొచ్చిన జవాను టాండెమ్ జంప్ టికెట్ కొనేకంటే ఆ డబ్బు సొరంగంలో పెడితే ఎన్నో రెట్లు లాభం.

ఖర్చు తగ్గించే రెండో కిటుకు చేతుల్లో ఉంది. స్టాటిక్ లైన్ పారాషూట్లను మడిచిపెట్టడానికి సైన్యంలో వేరే సిబ్బంది ఉంటారు. ఫ్రీ ఫాల్‌కు వచ్చాక దీర్ఘచతురస్రాకారపు ర్యామ్-ఎయిర్ పారాషూట్‌ను సొంతంగా ప్యాక్ చేయడం నేర్చుకోవాలి. తాళ్లను భుజాల పట్టీల నుంచి గుడ్డ దాకా ఒక్క మెలిక లేకుండా చూసుకుంటూ నడవాలి. గుడ్డను భుజం మీద వేసుకుని ఏడో తొమ్మిదో ఉన్న గాలి గదుల్లో ఒక్కొక్క గది అంచునూ వేళ్లతో విడదీసి సర్దాలి. స్లైడర్ అనే చిన్న గుడ్డముక్కను తాళ్ల వెంట పైదాకా తోసి, నాలుగు కంతలూ అడ్డుబిళ్లలకు ఆనాయో లేదో తడిమి చూడాలి. పారాషూట్ ఒక్కసారిగా విచ్చుకుని మెడ విరిచేయకుండా ఆపేది ఆ గుడ్డముక్కే. ఆ తర్వాత మొత్తాన్ని నేల మీద పరిచి, మోకాళ్లతో గాలి పిండి, సంచిలోకి ఎక్కించి, తాళ్లను రబ్బరు బ్యాండ్లలో గుత్తులుగా దోపాలి. కొత్తవాడికి గంట పడుతుంది, చెమటతో చొక్కా తడిసిపోతుంది. చెయ్యి తిరిగినవాడికి పావుగంట చాలు. విదేశాల్లో స్కైడైవింగ్ చేయించే మైదానాల్లో, అంటే డ్రాప్ జోన్లలో, ఈ ఒక్క పనికి ప్రతిసారీ ఏడెనిమిది డాలర్లు తీసుకుంటారు. వంద జంప్‌లకు లెక్క కడితే మన జవాను నెల జీతానికి తక్కువ కాదు.

అసలు లాభం డబ్బు కూడా కాదు. తన ప్రాణం వేలాడే తాడును తనే సర్దుకున్నవాడికి పారాషూట్ మీద నమ్మకం కుదురుతుంది, అనుమానం ఎక్కడ రావాలో కూడా తెలుస్తుంది.

రిజర్వ్ పారాషూట్ సంగతి వేరు. దాన్ని ముట్టుకునే హక్కు లైసెన్సున్న రిగ్గర్‌దే. అమెరికా నిబంధనల ప్రకారం ప్రతి 180 రోజులకూ విప్పి మళ్లీ మడవాలి. దానికి తోడుగా 1991లో హెల్ముట్ క్లోత్ తెచ్చిన సైప్రెస్ లాంటి యంత్రం ఉంటుంది. నేల 750 అడుగుల దూరానికి వచ్చినా మనిషి ఇంకా రాయిలా పడుతుంటే అదే రిజర్వ్‌ను తెరిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్ సామగ్రి కొని ఖర్చు సగానికి తగ్గించుకోవచ్చు, తగ్గించుకోవాలి కూడా. కానీ రిజర్వ్ తనిఖీలోనూ ఈ యంత్రం గడువులోనూ రూపాయి మిగుల్చుకోవాలని చూడకూడదు.

వాతావరణం విషయంలో సైనికుడికి ఇంకో మేలుంది. సొంతంగా దూకే విద్యార్థులు గంటకు 14 మైళ్లు దాటిన గాలిలో దూకకూడదని అమెరికా సంఘం నియమం. డబ్బు కట్టి విదేశం వెళ్లినవాడికి గాలి ఆగని ప్రతిరోజూ హోటల్ బిల్లే. తిరుగు ప్రయాణం తేదీ దగ్గరపడేకొద్దీ సందేహంగా ఉన్న గాలిలోనూ దూకేద్దామనిపిస్తుంది. క్యాంపులో ఉన్న జవానుకు ఆ తొందర ఉండదు. ఇవాళ వద్దంటే వద్దు, రేపు చూద్దాం. ఈ నిదానం ఎంత విలువైనదో చాలామంది గుర్తించరు.

సైన్యాలు ఈ ఆటను పోషించడం మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. అమెరికా ఆర్మీ జట్టు గోల్డెన్ నైట్స్ 1959లో పుట్టింది. ఆ దేశపు వైమానిక దళ అకాడమీలో కేడెట్లు మొదటి జంప్‌నే ఒంటరిగా, ఫ్రీ ఫాల్‌లో చేస్తారు. బ్రిటన్‌లో సాహస శిక్షణ డ్యూటీలో భాగం, నెథరావన్‌లో ఆర్మీ పారాషూట్ సంఘం సైనికులకు తక్కువ ఖర్చుతో నేర్పుతూ వచ్చింది. మనకు వైమానిక దళం వారి ఆకాశ్‌గంగ జట్టు 1987 నుంచి ఉంది. హైదరాబాద్ దగ్గరి దుండిగల్ అకాడమీలో పాసింగ్ ఔట్ పరేడ్లు చూసినవారికి ఆ జట్టు పరిచయమే.

ఆడపిల్లలకు ఈ దారి కొత్తదేమీ కాదు. 1959లో వైమానిక దళ డాక్టరు ఫ్లైట్ లెఫ్టినెంట్ గీతా చందా పారాషూట్‌తో దూకారు. 1979లో ఆగ్రాలో తొలిసారి దూకిన రైల్వే ఉద్యోగిని రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద ఏడువేల అడుగుల నుంచి దూకారు, 2005లో పద్మశ్రీ అందుకున్నారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ ఈ అవకాశం తలుపు తట్టదు. పారా వింగ్స్ వచ్చినవాళ్లలోనూ ఫ్రీ ఫాల్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. కోర్సులో సీటుకు కమాండింగ్ ఆఫీసరు సిఫారసు కావాలి, యూనిట్ పనులు అడ్డొస్తే వచ్చిన సీటూ పోతుంది. ఆసక్తి ఉన్నవాళ్లు సాహస విభాగాల క్యాంపుల ప్రకటనల మీద కన్నేసి, ఏడాది ముందే పేరిచ్చి పెట్టుకోవాలి. ప్రతి జంప్ వివరాన్నీ లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయించుకోవాలి. ఆ పుస్తకం లేకపోతే సైన్యంలో ఎన్నిసార్లు దూకినా బయటి డ్రాప్ జోన్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమంటారు. సెలవులో థాయ్‌లాండ్‌కో దుబాయ్‌కో వెళ్లి దూకాలనుకునేవారు విదేశీ ప్రయాణానికి అనుమతి ముందుగా తీసుకోవాలి. అక్కడ దెబ్బ తగిలితే అది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు కనుక బీమా షరతులూ చదువుకోవాలి.

సైన్యంలో చేరాలో వద్దో తేల్చుకోని డిగ్రీ విద్యార్థికి ఎన్‌సీసీ ఉంది. సీనియర్ డివిజన్, సీనియర్ వింగ్ కేడెట్లలో కొద్దిమందిని ఎంపిక చేసి ఆగ్రాలో పారా క్యాంపుకు పంపుతారు. అదే శిక్షణ, అదే మైదానం, స్టాటిక్ లైన్ జంప్‌లు. ఎంపికలో ఒంటి దార్ఢ్యమే ముఖ్యం. కాలేజీలో చేరిన మొదటి ఏడాదే ఎన్‌సీసీలో పేరు నమోదు చేయించుకుని, రోజూ తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టినవాళ్లకే ఆ జాబితాలో చోటు దొరికే అవకాశం ఎక్కువ.