బిళ్లలో ఉంది పనితనం

శబ్దంతో నీళ్లలో చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌ను మొదటిసారి కొనేవాళ్లు ముందు తెర చూస్తారు. ఎంత పెద్దది, ఎన్ని రంగులు, చేప బొమ్మలు వస్తాయా రావా అని. పనితనం అక్కడ లేదు. వైరు చివర వేలాడే నల్ల ప్లాస్టిక్ ముక్కలో, అంటే ట్రాన్స్‌డ్యూసర్‌లో ఉంది. చేతిలో డబ్బు తక్కువైతే తెరను తగ్గించుకోండి, దాన్ని కాదు.

ఆ ముక్క లోపల ఉండేది ఒక పింగాణీ బిళ్ల. కరెంటు ఇస్తే కంపిస్తుంది, కంపనం తాకితే కరెంటు పుట్టిస్తుంది. అరిచేదీ వినేదీ అదే. 200 కిలోహెర్ట్జ్‌కి చేసిన బిళ్ల మందం దాదాపు ఒక సెంటీమీటరు. మందం మారితే స్వరం మారిపోతుంది. అడ్డం 3 సెంటీమీటర్లుంటే శబ్దం సుమారు 15 డిగ్రీల శంకువుగా కిందికి దిగుతుంది. నీటిలో శబ్దం సెకనుకు 1,480 మీటర్లు పోతుంది కనుక 10 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి 14 మిల్లీసెకన్లు కూడా పట్టదు. అంత గట్టిగా అరిచిన బిళ్ల ఈలోపే తన వణుకు అణుచుకుని, వినీ వినపడని ప్రతిధ్వనికి చెవి ఒగ్గాలి. నాసిరకం సరుకు దొరికిపోయేది ఇక్కడే: వణుకు ఆగదు, పైనున్న నీళ్లన్నీ తెర మీద మరకగా మిగులుతాయి. తెలంగాణ నుంచి వచ్చి సూరత్ మరమగ్గాల షెడ్లలో పనిచేసే మన నేతగాళ్లు అంత రొదలోనూ తమ మగ్గం చప్పుడు మారితే పసిగడతారు. మంచి బిళ్ల చెవీ అలాంటిదే.

తిరిగొచ్చే ప్రతిధ్వని ఎక్కువగా చేప గాలితిత్తిది. చేప మాంసానికీ నీటికీ శబ్దం విషయంలో పెద్ద తేడా లేదు, గాలికి మాత్రం చాలా తేడా. బొచ్చె, శీలావతి లాంటివాటికి రెండు అరల గాలితిత్తి కాబట్టి బాగా పలుకుతాయి. చేప శంకువు అంచున ఉన్నప్పుడు బిళ్లకు దూరం ఎక్కువ, నడుమకు వస్తే తక్కువ, దాటిపోతుంటే మళ్లీ ఎక్కువ. తెర మీద విల్లు వంపు అందుకే వస్తుంది. పడవా చేపా రెండూ కదలకపోతే విల్లు రాదు, పొడుగాటి గీత వస్తుంది. కుడి అంచున ఉన్న నిలువు గీత ఒక్కటే ఇప్పటి సంగతి, మిగతా తెరంతా గడిచిపోయింది. చేప బొమ్మలు వేసే సౌకర్యం ఉంటే మొదటి రోజే ఆపేయండి. అది యంత్రం ఊహ. ఆ ఊహేదో మనమే చేసుకోవచ్చు.

తక్కువ ధర సరుకులో నాకు ముచ్చటేసేది గార్మిన్ స్ట్రైకర్ 4. తెర మూడున్నర అంగుళాలే, మ్యాపులు లేవు. కానీ 77, 200 కిలోహెర్ట్జ్ రెండింటికీ పనికొచ్చే ట్రాన్స్‌డ్యూసర్‌తో పాటు చర్ప్ ఇచ్చారు. ఒకే స్వరం పంపితే, ఆ కూత మిల్లీసెకనులో పదోవంతే ఉన్నా, లోతులో 7 సెంటీమీటర్ల తేడా కూడా లేని రెండు చేపలు ఒకటిగా కలిసిపోతాయి. చర్ప్‌లో స్వరం ఒక కొస నుంచి ఇంకో కొసకు జారుతుంది. వెనక్కొచ్చినదాన్ని పంపినదానితో పోల్చి, యంత్రం పొడుగాటి కూతను సన్నటి గీతగా కుదించేస్తుంది. జపాన్‌లో ఫురునో సోదరులు 1948లో చేపల జాడ తీసే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చిననాటికి, అరచేతి పెట్టెలో ఇంత లెక్క జరుగుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

సూరత్ ఉన్న ఈ గుజరాత్‌లోనే, వేరావల్ బోట్ల మీద పనికి శ్రీకాకుళం మత్స్యకారులు ఏటా వస్తుంటారు. సముద్రం మీద వాళ్ల లెక్కలు వేరు. సూరత్‌లో తాపీ నది ఒడ్డునున్న మన అమ్రోలిలో సముద్రమంత లోతు చూడక్కర్లేదు. దిగువన సింగణ్‌పూర్ దగ్గర 1995లో కట్టిన వియర్ కాజ్‌వే, అంటే అడ్డుకట్ట, తాపీ నీళ్లను ఆపి ఉంచుతుంది. గట్టు వైపు 3 మీటర్ల లోతు ఉందనుకుంటే, 15 డిగ్రీల శంకువు అడుగున 80 సెంటీమీటర్ల మేరే చూస్తుంది. 55 డిగ్రీలైతే 3 మీటర్లు దాటుతుంది. కాబట్టి ఇక్కడికి వెడల్పు శంకువు కావాలి. పెట్టె మీద రాసిన వందల మీటర్ల లోతుకు డబ్బు పెట్టడం దండగ.

పడవ లేనివాళ్లకు గట్టు మీద నుంచి విసిరే బంతి లాంటి ఫిష్ ఫైండర్ మేలు. లిథువేనియాలో తయారయ్యే డీపర్ చూడండి: సుమారు 100 గ్రాములు, నీళ్లు తగలగానే తనే వెలుగుతుంది, కింద సగంలో ట్రాన్స్‌డ్యూసర్, పై సగంలో యాంటెన్నా. రేడియో తరంగాలు నీటిలో సాగవు కనుక ఫోనుకు కబురు పంపే భాగం ఎప్పుడూ పైకే ఉండాలి. అడుగు బరువుగా ఉంచి ఆ పని కానిచ్చారు. ఎండాకాలం గుర్రపుడెక్క కమ్మితే మాత్రం ఇది ఆకుల మీదే ఆగిపోతుంది. వాటి కింద నక్కిన కొర్రమీను దీనికి అందదు.

ఇంకొకటి. 100 గ్రాముల బంతిని విసిరితే సన్నటి గాలం కర్ర విరుగుతుంది, పాత దారం తెగి బంతి అవతలి ఒడ్డుకు పోతుంది. అంత బరువు మోసే కర్ర, గట్టి బ్రెయిడ్ దారం లేకపోతే ముందు అవి కొనండి.