ఆర్యశబ్దమునకుఁ గలిగిన దుర్గతి

శబ్దమున కపార్థము గల్పించినవాని దోషము పండితసభలోఁ బరాజయముతో ముగియును. ఆ యపార్థమే రాజశాసనమున కెక్కెనేని మనుష్యుల జీవనమును హరించును. విక్టర్ క్లెంపెరర్ 1947లో జర్మనుభాషలోఁ బ్రకటించిన ‘ఎల్‌టీఐ’ యను గ్రంథ మిందుకు సాక్ష్యము. తృతీయరాజ్యభాష యని యా లాటిను నామమున కర్థము. హిట్లరు పాలనమున వ్యవహారభాష యెట్లు చెడెనో యిందు విమర్శింపఁబడినది.

గ్రంథకర్త యూదవంశజుఁడు, డ్రెస్డెను సాంకేతిక విద్యాలయమున ఫ్రెంచి మొదలగు లాటినుజన్యభాషల కాచార్యుఁడు. 1933 ఏప్రిల్ 7వ తేదీ శాసనము ‘ఆర్యేతరు’లగు ప్రభుత్వోద్యోగులను దొలఁగింప విధించెను. తలిదండ్రుల తలిదండ్రులు నలువురిలో నొక్కరు యూదులైనను మనుమఁ డార్యేతరుఁడే యని నాలుగు దినములకు వెలువడిన నియమము నిర్ణయించెను. ప్రథమమహాయుద్ధమునఁ బోరాడినవాఁడగుటచే క్లెంపెరర్ కొంతకాలము మినహాయింపు పొంది, 1935లోఁ గొలువు కోల్పోయెను.

ఇచట వైయాకరణులు విచారింపవలసినది ఆర్యశబ్దము. ఋధాతువుపై ణ్యత్ప్రత్యయము చేరఁగా నీ రూపము సిద్ధించును. అమరసింహుఁడు దీనిని కులీన, సభ్య, సజ్జన శబ్దముల సరసఁ జేర్చెను. నాటకములలో భార్య భర్తను ఆర్యపుత్రుఁడని సంబోధించును. వేదమున దాసశబ్దమునకుఁ బ్రతిపక్షముగా నొక జనసముదాయమును దెలుపుటయుఁ గలదు. అయినను, తాతల జాబితా చూచి కొలువునుండి వెడలఁగొట్టుట కందుఁ బ్రమాణము లేదు. సెమిటికశబ్దమును 1781లో ష్లోట్సరు, నోవహు కుమారుఁడగు షేము పేరునుబట్టి, హీబ్రూ అరబ్బీ మున్నగు భాషల కేర్పఱచెను. ఆర్యశబ్దము భాషకే చెల్లును గాని రక్తమునకును గపాలమునకును జెల్లదని మాక్స్‌ముల్లరు 1888లోనే హెచ్చరించెను. భాషానామములు రెండును రక్తనామములై కచ్చేరీల దస్తరములఁ జేరెను.

క్లెంపెరర్ విమర్శకు బలము చిన్నపదములను విడువకుండుట. మతోన్మాదవాచక మా పాలనమునఁ బ్రశంసావాచక మైన తీరును, యూదపురుషులు ఇజ్రాయేలనియు స్త్రీలు సారా యనియు నదనపు పేరు ధరింపవలెనన్న 1938 నాఁటి యాజ్ఞను ఆయన పరీక్షించెను. దినచర్య వ్రాఁతలనుండి కూర్పఁబడుటచే గ్రంథమున శాస్త్రక్రమము కొఱవడినది. అయినను ఆ పాలకులు క్రొత్తగాఁ గల్పించిన పదములు స్వల్పములే యని గ్రంథకర్తయే యొప్పుకొనుట యాయన నిష్పక్షపాతమునకు నిదర్శనము.

నేఁటి ప్రభుత్వసంస్థలకు దీనివలనఁ బ్రయోజన మున్నది. రంగునుబట్టి చేయు వివక్షయే జాతివివక్ష, యూదద్వేషము వేఱని కొంద ఱందురు. డ్రెస్డెను ఆచార్యుని రంగు నెవ్వరు నడుగలేదు, వంశమునే యడిగిరి. అరబ్బులును సెమిటికభాషీయులే కావున వారిలో సెమిటికవిరోధ ముండదని మఱికొందఱు వాదింతురు. 1879లో విల్హెల్మ్ మార్ ప్రచారమునకుఁ దెచ్చిన యా పదము యూదద్వేషమునందే రూఢము. రూఢి యోగమునకంటె బలీయము. పంకజశబ్దము కప్పను జెప్పదు.

1965లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన జాతివివక్షా నిర్మూలనపు టొడంబడిక రంగుతోపాటు వంశమును బేర్కొనెను. అపార్థీడును బేరెత్తి ఖండించెను. యూదద్వేషమును బేర్కొనవలెనన్న ప్రతిపాదనమును మాత్రము విడిచెను. సామాన్యమున విశేష మిమిడియున్న దని సమాధానము చెప్పవచ్చును. కాని గోబలీవర్దన్యాయ మేల పుట్టెను? గోశబ్దమున నెద్దు చేరియున్నను, ప్రత్యేకముగాఁ దలఁపవలసినపుడు దానిని వేఱుగాఁ జెప్పుదురు. ఉద్యోగులకు జాతిన్యాయమును బోధించు సంస్థలకు యూదద్వేష మట్టి బలీవర్దము.

సంస్కృతాధ్యాపకుల బాధ్యత మఱింత సన్నిహితము. పాఠశాలలో ఆర్యశబ్దమున కర్థము చెప్పునపుడు 1933లో దానికిఁ గలిగిన గతియుఁ జెప్పవలెను. అపహరింపఁబడినది వారి కోశములోని మాటయే.