బుగ్గలో గాలి, ముక్కులో ఊపిరి

తమిళనాడులో మా ఒట్టపిడారం వైపు పెళ్ళికి మేళం దిగిందంటే పిల్లలంతా తవిల్ డోలు చుట్టూ మూగేవాళ్ళు. నేను మాత్రం వెనకాల ఒత్తు ఊదే తాత దగ్గర చతికిలబడేవాణ్ణి. ఆయన చేతిలోదీ చూడ్డానికి నాగస్వరమే, కానీ వేళ్ళు ఆడే రంధ్రాలుండవు. పలికేది ఒకటే స్వరం. ముందు కూర్చున్న విద్వాంసుడు తోడి ఊదినా కల్యాణి ఊదినా వెనక ఆ స్వరం సన్నటి దారంలా సాగుతూ ఉండాల్సిందే, తెగకూడదు. ఆయన బుగ్గలు రెండూ జామకాయల్లా ఉబ్బి ఉండేవి. "తాతా, మరి ఊపిరెప్పుడు పీలుస్తావు?" అని ఒకసారి అడిగాను. పీక నోట్లో ఉంది, జవాబు చెప్పే వీల్లేదు. వేలితో తన ముక్కు చూపించి కన్ను గీటాడు.

ముక్కు ఎందుకుందో నాకు తెలిసింది ఆ రోజే. బళ్ళో సైన్సు మేష్టారు చెప్పింది తర్వాత.

ఆ తాత చేసేది ఇదీ. ఊపిరితిత్తుల్లో గాలి సగానికి వస్తుండగానే కొంత గాలిని బుగ్గల్లో నిలవేసుకుంటాడు. తర్వాత గొంతు వెనక తలుపు వేసినట్టు నోటికీ ఊపిరితిత్తులకీ మధ్య దారి మూస్తాడు. బుగ్గల కండరాలు నొక్కి ఆ నిలవ గాలిని పీకలోకి తోస్తూ, అదే క్షణంలో ముక్కుతో గబుక్కున లోపలికి పీలుస్తాడు. మళ్ళీ దారి తెరుస్తాడు. అంతా రెప్పపాటు. నేర్చుకునేవాడు మొదట బుగ్గల నిండా నీళ్ళు పట్టి, సన్నటి ధారగా బయటికి వదులుతూ ముక్కుతో గాలి పీల్చాలి. ధార ఆగితే మళ్ళీ మొదలు. అది పట్టుబడ్డాక చెంబెడు నీళ్ళలో గొట్టం పెట్టి బుడగలు ఆగకుండా ఊదాలి. చదవడానికి తేలిగ్గానే ఉంటుంది. ఒకసారి చేసి చూడండి, నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. నాకు వచ్చాయి.

ఈ కరిసల్ నేల మీద, అంటే మన నల్లరేగడి మీద, ముక్కుకి పని ఎక్కువ. ఎండాకాలం గాలి లేస్తే నల్లదుమ్ము, విళాత్తికుళం దారిలో మిరపకళ్ళం దాటితే ఘాటు, కోవిల్‌పట్టి చుట్టూ అగ్గిపెట్టెల కర్మాగారాలు. చీదితే తువ్వాలు మీద నల్లమరక పడుతుంది. ఆ మరకంతా ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆగిన దుమ్మే. వెంట్రుకలూ జిగురూ దుమ్ముని పట్టేస్తాయి. లోపల మెలికలు తిరిగిన గోడలు గాలిని వెచ్చచేసి తడిపి పంపుతాయి. నోటితో పీల్చేవాడికి ఈ కాపలా లేదు. పొద్దున లేచేసరికి నాలుక అట్టకట్టి ఉంటుంది, లాలాజలం ఎండి పళ్ళు పుచ్చుతాయి.

ఇంకో సంగతుంది. ముక్కు పక్కన ఎముకల్లో ఉండే గాలి గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. రక్తనాళాలను వదులు చేసే వాయువు అది. దాని పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ముక్కుతో పీలిస్తేనే అది గాలితో కలిసి ఊపిరితిత్తుల దాకా చేరుతుంది. నోరు మూసుకుని కూనిరాగం తీస్తే ముక్కులో ఆ వాయువు దాదాపు 15 రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2002లో చూపించారు. రాగం తీస్తూ పనిచేసుకునే మా అవ్వలకి ఈ లెక్క చెప్పినవాళ్ళు లేరు.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. నాగస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం. 1921లో పుట్టి, తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై దగ్గర శిష్యరికం చేసి, మా కోవిల్‌పట్టిలో కాపురం పెట్టిన మహానుభావుడు. ఆ ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది. అటుగా బస్సెక్కినప్పుడల్లా నేను చెప్పులు విడిచి ఒక దండం పెడతాను, చూసేవాళ్ళు నవ్వినా సరే. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' సినిమాలో ఎస్. జానకి గొంతుతో పోటీపడి ఊదింది ఈయనే. అదే సినిమా తెలుగులో 'మురిపించే మువ్వలు'. అందులోని ఆ ఆభేరి రాగం పాట తెలియని తెలుగిల్లు లేదు. జానకి గొంతుని మెచ్చుకోని వాడూ లేడు. కానీ ఆ గొంతుకి ఎదురు నిలిచి, పక్షి రెక్క ముడిచినంత మెత్తగా ఆ పొడవాటి కర్రని పలికించిన మనిషి పేరు అడగండి, పదిమందిలో ఒకరు కూడా చెప్పరు! ఈసారి వింటే ఒక సంగతికీ ఇంకో సంగతికీ మధ్య ఊపిరి తీసిన చప్పుడు ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. అరవై ఏళ్ళనాటి పాట కదా, ఇప్పటిదాకా నాకు దొరకలేదు. కావేరి ఒడ్డువాళ్ళు గురువే గొప్ప అంటారు. అననివ్వండి. రాజరత్నం తోడి సముద్రమే, ఒప్పుకుంటాను. దాహమేస్తే మాత్రం నేను కారుకురిచ్చి దగ్గరికే పోతాను.

నాగస్వరం ఊదితే నూరేళ్ళు బతుకుతారని నేను అనను. అరుణాచలం 1964లో పోయారు, నలభై దాటి ఎంతో కాలం కాలేదు. విద్య వేరు, ఆయుష్షు వేరు. అయినా ఒక్క మాట. ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జెరిడూ అనే పొడవాటి గొట్టాన్ని ఊదడానికీ ఇదే బుగ్గ విద్య కావాలి. స్విట్జర్లాండులో నిద్రలో శ్వాస ఆగే జబ్బున్న 25 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత నాలుగు నెలలు దాన్ని ఊదించారు. వాళ్ళకి పగటి కునుకు తగ్గింది, పక్కన పడుకునేవాళ్ళకి నిద్ర పట్టింది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ ఫలితాలు అచ్చేసింది. గొంతు కండరాలు గట్టిపడి ఉంటాయని పరిశోధకుల ఊహ. ఆ గొట్టం దక్కించుకున్న గౌరవం మన ఒత్తుకి ఎవరు తెస్తారు?

వాద్యం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆచ్చా కర్ర, అదీ పాత ఇళ్ళ దూలాల్లోది అయితే మేలంటారు. చేసేది కుంభకోణం దగ్గర నరసింగపేటలో. నోట పెట్టుకునే పీక, శీవాళి, కావేరి ఒడ్డు రెల్లుతో చేస్తారు. వేళ్ళకి ఏడు రంధ్రాలు, కింద గాలి పోవడానికి ఇంకో ఐదు. మిగతాదంతా ఊదేవాడి ఊపిరే.

మన ఆంధ్రా వాళ్ళకి ఇదేదో అరవ విద్య అని అపోహ. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో ఊది, 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు పద్మశ్రీలు. ఇటు మా ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చేయించింది తెలుగులో. ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిందీ ఆ ఊళ్ళోనే. ఇంత సంగీతం నానిన నేల మాది.

అలాంటి నేల మీద ఇప్పుడు ఏం మోగుతోందో చెప్పమంటారా? గుళ్ళో మోటారు డప్పు. మీట నొక్కితే గంటా నగారా జేగంటా ఒకేసారి దబదబా బాదే ఇనుప దయ్యం. కల్యాణ మండపంలో పెన్‌డ్రైవులోంచి గట్టిమేళం. తాళి కట్టే ముహూర్తానికి పాట మధ్యలో ఫోను మోగితే ఆగిపోయిన మేళం నేను విన్నాను. మేళం నిజంగా వచ్చిన చోట కూడా ఒత్తు మనిషి ఉండడు, అరచేతంత శ్రుతిపెట్టె ఉంటుంది. దానికి జీతం అక్కర్లేదు, భోజనం అక్కర్లేదు, బస్సు ఖర్చు అక్కర్లేదు. ముక్కూ అక్కర్లేదు. ఒత్తు పట్టుకుని వెనక కూర్చోవడమే మేళంలో పిల్లలకి మొదటి బడి. పదేళ్ళ కుర్రాడు ఏడాదిపాటు ఆ ఒక్క స్వరం నిలబెట్టి, ఊపిరి కుదిరాక ముందు వరసకి వచ్చేవాడు. పెట్టె వచ్చి ఆ బడి మూసేసింది. ఇప్పటి కుర్రాళ్ళు వేగంగా ఊదుతారు, కాదనను. నిలబెట్టి ఒక్క షడ్జమం ఊదమనండి.

పైగా పట్నాల్లో కొత్త వ్యాపారం. రాత్రి నోటికి అంటించుకునే పట్టీలట, ముక్కుతో పీల్చే అలవాటుకి! ముక్కు దిబ్బడ ఉన్నవాడో, నిద్రలో శ్వాస ఆగేవాడో నోటికి అతుకేసుకుంటే ప్రాణానికే చేటు. పిల్లవాడు నోరు తెరిచి నిద్రపోతుంటే ముక్కు వెనక కండ పెరిగిందేమో చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి, పట్టీ కొనడం కాదు. అలవాటే కావాలంటే చెంబూ గొట్టమూ ఉన్నాయి. పైసా ఖర్చు లేదు.

ఈ చిత్తిరై మాసంలో మా ఊరి కొడైకి, అంటే గుడి జాతరకి, ఒత్తు మనిషితో సహా మేళం కావాలనీ, అదనపు జీతం నేనిస్తాననీ పట్టుబట్టాను. మేళం పెద్ద నా వంక జాలిగా చూశాడు. "డబ్బుదేముంది సామీ, ఒత్తు ఊదే మనిషిని మీరే చూపించండి, నేను కూర్చోబెడతాను" అన్నాడు. కోవిల్‌పట్టి, కళుగుమలై, శంకరన్‌కోవిల్ తిరిగొచ్చాను. శంకరన్‌కోవిల్ అవతల ఒకాయన ఉన్నాడంటున్నారు. డెబ్బై దాటాయట, పళ్ళు లేవట, బుగ్గలు మాత్రం గట్టివేనట. ఆదివారం వెళ్ళొస్తాను.