చంద్రగిరి మిషన్ (1598–1611): ఫాదర్ హేరాస్ రచనపై ఒక పరిశీలన

నెల్లూరు తీరపు క్రైస్తవ సంఘ చరిత్రను మన వేదాంత కళాశాలల్లో సాధారణంగా 1840తో ప్రారంభిస్తాము. శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో స్థిరపడిన సంవత్సరమది. లూథరన్ సంఘముల నుండి వచ్చిన విద్యార్థులు 1865ను, అనగా హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ పని ప్రారంభించిన సంవత్సరాన్ని చెబుతారు. కతోలిక సోదరులైతే 1928లో నెల్లూరు మేత్రాసనము ఏర్పడిన సంగతి జ్ఞాపకము చేస్తారు. ఈ మూడు తేదీలూ సరియైనవే. అయితే ఈ మూడింటికీ ముందు, గూడూరు నుండి కోట, వాకాడుల వరకు గల ఈ ప్రాంతానికి నీళ్లిచ్చే స్వర్ణముఖి నది ఎగువన, చంద్రగిరిలో, ఒక మిషన్ పదమూడేళ్లు నడిచి మూతపడింది. అది 1598లో మొదలై 1611 నాటికి ముగిసింది. దానిని గురించి మన పాఠ్యపుస్తకాలలో ఒక పేరా కూడా కనిపించుట అరుదు.

ఆ మిషన్‌ను గురించి తెలుసుకోగోరువారికి ఇప్పటికీ ముఖ్యమైన ఆధారం ఫాదర్ హెన్రీ హేరాస్ 1927లో మద్రాసులో ప్రచురించిన విజయనగర ఆరవీటి వంశ చరిత్ర. హేరాస్ 1888లో బార్సిలోనాలో పుట్టిన స్పెయిన్ దేశస్థుడు, యేసు సభ గురువు. 1922లో బొంబాయి వచ్చి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చరిత్ర బోధించి, 1955లో అక్కడే మరణించాడు. ఆయన గ్రంథంలో వెంకటపతి రాయల ఆస్థానములోని యేసు సభ గురువులను గూర్చిన భాగమును మేము ఈ వ్యాసములో పరిశీలనకు తీసుకొనుచున్నాము. పాతబడిన పుస్తకమును ఇప్పుడు విమర్శించుట ఎందుకు అని కొందరు అడుగవచ్చు. తరువాత వచ్చిన చిన్న చిన్న చరిత్రలలో అనేకము ఈ భాగమునే ఆధారము చేసికొన్నవి గనుక, ఇందులోని చూపు ఎటువంటిదో తెలిసికొనకుండా వాటిని చదువుట ప్రమాదకరము.

మొదట ఒక అపోహను తొలగించవలెను. స్పెయిన్ మిషన్ అనగానే మన విద్యార్థులకు మెక్సికో, పెరూ, ఫిలిప్పీన్స్ జ్ఞాపకమునకు వస్తాయి. కోరమాండల్ తీరము పోర్చుగీసువారిది అనుకొంటారు. నిజమే. అయితే 1580 నుండి 1640 వరకు పోర్చుగల్ సింహాసనము స్పెయిన్ రాజు చేతిలో ఉండినది. గోవా వైస్రాయి ఆ కాలములో మాడ్రిడ్‌లోని రాజుకు జవాబుదారి. పద్రువాదో అనబడిన రాజపోషణ హక్కు క్రింద తూర్పు దేశములలో బిషప్పులను ప్రతిపాదించుట, మిషనెరీల ఖర్చు భరించుట అతని అధికారము. 1606లో ఐదవ పౌలు పోపు మైలాపూరు మేత్రాసనమును స్థాపించినప్పుడు కూడ ఆ హక్కు క్రిందనే జరిగినది. చంద్రగిరికి గురువులు వెళ్లిన 1598లోనే రెండవ ఫిలిప్ మరణించి మూడవ ఫిలిప్ రాజయ్యాడు. ఈ మూడవ ఫిలిప్‌కును వెంకటపతి రాయలకును మధ్య ఉత్తరములు నడిచినవి. కనుక చంద్రగిరి మిషన్ ఒక స్పెయిన్ రాజు పోషణలో తెలుగు రాజు ఆస్థానమునకు వచ్చిన మిషన్.

ఇక్కడ అమెరికా ఖండముతో ఒక పెద్ద భేదమున్నది, హేరాస్ దానిపై తగినంత దృష్టి పెట్టలేదని మా అభిప్రాయము. అక్కడ మిషన్ వెనుక సైన్యము ఉండెను. ఇండియన్లను కొత్త ఊళ్లలో కూర్చి, చర్చి గంటతో లేపి, చర్చి గంటతో పండుకొనబెట్టిరి. కాలిఫోర్నియాలో 1769 మొదలు 1823 వరకు స్థాపించిన 21 మిషన్లు ఆ పద్ధతికి చివరి రూపములు. చంద్రగిరిలో అటువంటిదేమియు సాధ్యము కాదు. ఇక్కడ గురువు మనవిదారుడు. రాజు పిలిస్తే వెళ్లవలెను, ఇస్తే తీసికొనవలెను. వలసరాజ్యము లేని వలస మిషన్ ఇది. ఈ విచిత్ర స్థితిలో సువార్త ఏ రూపము ధరించినది అనునదే అసలు ప్రశ్న.

హేరాస్ చెప్పిన కథ సంగ్రహముగా ఇది. యేసు సభ పర్యవేక్షకుడైన నికొలావ్ పిమెంతా ప్రోత్సాహముతో, శాంతోము కళాశాల రెక్టరు సిమావ్ దె సా 1598లో చంద్రగిరి వెళ్లెను. వెంకటపతి రాయల మామ ఓబరాయలు వారికి ఆసరాగా నిలిచెను. రాజు మర్యాదగా చూచి, చర్చికి స్థలము, పోషణకు ఆదాయము ఇచ్చుటకు ఒప్పుకొనెను. తరువాత ఫ్రాంచెస్కో రిచ్చి, మనువేల్ ద వేగా మొదలగువారు అక్కడ నివసించిరి. రాజధాని వేలూరుకు మారినప్పుడు వీరును అక్కడికి వెళ్లిరి. 1607లో వచ్చిన బర్తొలొమేయో ఫోంతెబోనా అనే ఇటలీ చిత్రకారుడు రాజునకు చాల ఇష్టుడాయెను. రాజు అతని బొమ్మలు చూచుచు గంటలు గడిపేవాడు. ఆంతోనియో రుబీనో కూడ ఇక్కడ పనిచేసినవాడే. ఈయన తరువాత జపానుకు వెళ్లి 1643లో నాగసాకిలో హతసాక్షి అయ్యెను.

ఈ కథను కూర్చుటలో హేరాస్ చేసిన శ్రమ సామాన్యము కాదు. రోమ్ లోను, ఇతర చోట్లను ఉన్న ఉత్తరములను వెదకి, వాటిని శాసనములతోను, రామరాజీయము వంటి తెలుగు కావ్యములతోను పోల్చి చూచిన మొదటివారిలో ఆయన ఒకడు. తెలుగు రానివాడు తెలుగు కావ్యమును చరిత్రకు సాక్షిగా పిలిచినాడు. మన తెలుగు సంఘ చరిత్రకారులలో ఎందరు ఆ పని చేసిరి? మిషన్ రిపోర్టులు తప్ప మరొకటి చదువని అలవాటు మనలో ఇంకను పోలేదు.

అయినను ఆయన చూపులో లోపమున్నది. ఆయనకు సాక్షులు తన సభకు చెందిన గురువులే. వారు తమ పైవారికి వ్రాసిన ఉత్తరములు ఆశతో నిండినవి, డబ్బును మనుషులను పంపుమని అడుగునవి. అటువంటి ఉత్తరములో రాజు చిరునవ్వు నవ్వితే అది విశ్వాసపు తొలి వెలుగుగా కనబడును. వెంకటపతి తన దానశాసనముల క్రింద శ్రీ వెంకటేశ అని చేవ్రాలు చేసిన రాజు. తిరుమల కొండ చంద్రగిరికి కూతవేటు దూరము. ఆ రాజునకు పోర్చుగీసువారి స్నేహము కావలెను, తీరములో ఓడల సంగతి తెలియవలెను, క్రొత్త బొమ్మలు చూడవలెను. ఇవన్నీ ఒక రాజునకు సహజమైన కోరికలు. పరదేశి సన్యాసులను ఆదరించుట రాజధర్మములో భాగము. దీనిని క్రైస్తవము వైపు మొగ్గుగా లెక్కించి, తరువాత అతడు మారలేదని నిట్టూర్చుట చరిత్ర కాదు.

తీరములో జరిగినది చూస్తే ఈ సంగతి ఇంకను స్పష్టమగును. 1610లో అదే వెంకటపతి పులికాటులో డచ్చివారికి స్థానమిచ్చెను. వారు స్పెయిన్ రాజునకు బద్ధశత్రువులు, ప్రొటెస్టెంటులు. 1612లో పోర్చుగీసువారు పులికాటుపై దాడి చేసి డచ్చి స్థావరమును నాశనము చేసిరి. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టుకొనిరి. అనగా మన కోటకు దక్షిణాన, సరస్సు అంచున, యూరపు యుద్ధము తెలుగు నేల మీద జరుగుచుండగా, ఆస్థానములో గురువు ఒక పక్షపు మనిషిగానే కనబడక తప్పలేదు. అతడు క్రీస్తును గూర్చి మాట్లాడినను, వినువారికి ఫిలిప్ రాజు వినబడును. రాజపోషణలోని అసలు బలహీనత ఇది. హేరాస్ ఈ రెండు సంగతులనూ చెప్పెను గాని, ఒకటి రెండవదానిని ఎట్లు చెరిపివేసినదో నిలిచి ఆలోచించలేదు.

భాష విషయము మాత్రము మన విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. ఆ ఉత్తరములలో తెలుగును బడగ అని వ్రాసిరి. ఉత్తరపువారి భాష అని తమిళులు అనే వడుగ అన్న మాటకు అది రూపాంతరము. ఈ పేరు తెలియక కొందరు దానిని కన్నడమనియు, నీలగిరి బడగ భాష అనియు భ్రమపడిరి. రిచ్చి చంద్రగిరిలో ఈ బడగను నేర్చుకొనెను. తెలుగు క్రైస్తవ రచనను బెంజమిన్ షుల్జుతో, అనగా 1720లలో, ప్రారంభించుట మనకు అలవాటు. తెలుగు నేర్చిన మిషనెరీ అంతకు నూట ఇరువది ఏండ్ల ముందే స్వర్ణముఖి గట్టున ఉండెను. 1606లో మధురకు వచ్చిన రాబర్ట్ దె నోబిలిని అందరు ఎరుగుదురు. అతడు కావి వస్త్రము కట్టి పండితులతో వాదించెను. చంద్రగిరివారికి ఆ సాహసము లేకపోయెననియు, అందుచేత ఓడిపోయిరనియు చెప్పువారున్నారు. మేము అంత తేలికగా ఒప్పుకొనలేము. వేషము మార్చినను మార్చకున్నను ఇద్దరి దృష్టియు పైవర్గముల మీదనే ఉండెను.

ప్రొటెస్టెంటు పాఠకుడు ఇక్కడ తల ఊపి, కతోలికులు రాజుల యొద్దకు పోయిరి, మనవారు బీదల యొద్దకు పోయిరి, అందుకే ఫలించిరి అనుకొనవచ్చును. ఈ మాట ప్రసంగ పీఠముల మీద మేము చాలసార్లు విన్నాము. నెల్లూరు చరిత్రయే దీనిని త్రోసివేయుచున్నది. డే, జ్యూయెట్ దొరలు పాతిక సంవత్సరములు నెల్లూరులో బోధించినది ముఖ్యముగా బజారులోను, సవర్ణ హిందువుల నడుమను. ఫలము వేళ్ల మీద లెక్కింపదగినంత. అమెరికాలోని బోర్డు ఆ మిషన్‌ను మూసివేయవలెనా అని ఒకసారి కాదు, పలుమార్లు చర్చించినది. ఒంటరి నక్షత్రమను పేరు ఆ చర్చలలో వచ్చినదే. తలుపు తెరచినది మిషన్ పన్నుగడ కాదు. 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి తన బంధువుల ఊళ్లలో తానే చెప్పుకొనుచు తిరిగెను. 1878 కరవు తరువాత ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొర గొప్పదనము, ఆ వచ్చినవారిని పొమ్మనకపోవుటలో ఉన్నది. నాయుడుపేట, గూడూరు ప్రాంతములలో జర్మను మిషన్ సంఘములును మాలపల్లెలలోనే పెరిగినవి.

కనుక చంద్రగిరికిని నెల్లూరుకును భేదము మిషనెరీల తెలివిలో లేదు. చంద్రగిరిలో పేరయ్య వంటివాడు ఉండెనా? ఆ ఉత్తరములలో వంటవాడు, పల్లకి మోసినవాడు, చర్చి స్థలములో గోడ పెట్టినవాడు అప్పుడప్పుడు నీడవలె కనబడి మాయమగుదురు. హేరాస్ వారిని ఆపి పేరు అడుగలేదు. ఆయన శీర్షికలోనే ఆస్థానము ఉన్నది, కనుక ఆస్థానమే చూచెను. ఇది ఆయన ఒక్కని దోషమని మేము అనుట లేదు. మన సంఘముల శతజయంతి సంచికలు తెరచి చూడుడి: దొరగారి ఫొటో ఒక పుట నిండ, బైబిలు స్త్రీల పేర్లు చివరి పుటలో, అవియు తప్పులతో.

1611 మూసివేతను హేరాస్ ఒక విషాదముగా వర్ణించెను. మాకు మరొక సంగతి తోచుచున్నది. ఎవని ఖర్చుతో మిషన్ నడుచునో వాని అవసరము తీరగానే అది ముగియును, అక్కడ నిలిచిపోవుటకు స్థానిక సంఘము లేకపోతే అడ్డుకొనువాడును ఉండడు. తరువాత శతాబ్దములో ఫ్రెంచి యేసు సభవారు పుంగనూరు, కృష్ణాపురము మొదలగు చోట్ల కర్ణాటక మిషన్ స్థాపించినప్పుడు గృహస్థ కుటుంబములు విశ్వాసములోనికి వచ్చినవి. 1773లో పోపు యేసు సభనే రద్దు చేసినప్పుడు, గురువులు లేకపోయినను ఆ కుటుంబములలో కొన్ని నిలిచినవి. మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము ఆ పద్దెనిమిదవ శతాబ్దపు పంటయే. చంద్రగిరి అటువంటి పంటను ఇవ్వలేదు.

అది ఇచ్చినది మరొకటి ఉన్నది, దానిని మేము తక్కువ చేయము. 1614లో వెంకటపతి మరణించిన తరువాత రాజ్యములో రక్తపాతము జరిగినది. రాజకుటుంబము హతమైనది. ఒక్క బాలుని కాపాడి, అతని పక్షమున పోరాడినవాడు వెలుగోటి యాచమనాయుడు, వెంకటగిరి వంశమువాడు. ఈ కథను 1616 డిసెంబరులో మనువేల్ బర్రదాస్ అనే యేసు సభ గురువు ఉత్తరముగా వ్రాసెను. రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రలో దాని ఆంగ్లానువాదము ఉన్నది. అందులో యాచముని రాజభక్తి విదేశి చేతి వ్రాతలో నిలిచినది. అదే యాచముని తెలుగువారు ఎట్లు పాడుకొనిరో 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రచురించిన వెలుగోటివారి వంశావళిలో చూడవచ్చును. గూడూరు, వెంకటగిరి, కోట ప్రాంతముల నుండి మన కళాశాలలకు వచ్చు విద్యార్థులు ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివి, ఎక్కడ కలియుచున్నవో ఎక్కడ వేరగుచున్నవో వ్రాసినచో, అది ఒక మంచి పరిశోధన వ్యాసమగును. మా దృష్టికి వచ్చినంతలో సెమినరీ విద్యార్థి ఎవరును ఆ పని ఇంతవరకు చేపట్టలేదు.