చట్రం మారితే మాన్‌స్టర్ కాకుండా పోతుందా?

డుకాటీ 2020 డిసెంబర్‌లో కొత్త మాన్‌స్టర్ బైకుని చూపించగానే పాత అభిమానులు చాలామంది పెదవి విరిచారు. ఉక్కు గొట్టాలతో అల్లిన ట్రెల్లిస్ ఫ్రేమ్ లేకపోతే అది మాన్‌స్టరే కాదన్నారు. నా లెక్క వేరు. ఆ ఫ్రేమ్‌ని తీసెయ్యడమే అసలైన మాన్‌స్టర్ పద్ధతి. మిగెల్ గలూజీ గీసిన మొదటి బండి 1993లో అమ్మకానికి వచ్చింది. దాని చట్రం 851, 888 సూపర్‌బైకుల వారసత్వం. గాలితో చల్లబడే 904 సీసీ ఇంజిన్ 900 సూపర్‌స్పోర్ట్‌ది. ఫెయిరింగ్ విప్పేసి, వెడల్పాటి హ్యాండిల్ బిగించి, ఎద్దు మూపురంలాంటి ట్యాంకు కూర్చోబెట్టారు. గలూజీ ప్రతిభంతా ఏది అక్కర్లేదో తేల్చుకోవడంలోనే ఉంది. ట్రెల్లిస్ అప్పటికి అలంకారం కాదు, కంపెనీ చేతిలో ఉన్న మేలైన చట్రం.

2021 బండిదీ అదే దారి. డుకాటీ సూపర్‌బైకు పానిగాలే వీ4 తరహాలో పొట్టి అల్యూమినియం ఫ్రేమ్‌ని సిలిండర్ హెడ్లకే బిగించారు. దాని బరువు 3 కిలోలు, అంతకుముందున్న దానికంటే నాలుగున్నర కిలోలు తక్కువ. బండి మొత్తంగా అంతకుముందున్న మాన్‌స్టర్ 821 కన్నా 18 కిలోలు తగ్గింది. ఎడమకు వాల్చిన బండిని వెంటనే కుడికి వాల్చాల్సిన ఘాట్ రోడ్డు మీద ఈ తేడా చేతులకి తెలుస్తుంది. హ్యాండిల్ కూడా 7 డిగ్రీలు ఎక్కువ తిరుగుతుంది. 937 సీసీ ఇంజిన్ 111 హార్స్‌పవర్ అంటే అందరూ అదే చూస్తారు గానీ, చూడాల్సింది టార్క్. 821లో 7,750 ఆర్‌పీఎం దగ్గర 86 న్యూటన్ మీటర్లు వచ్చేది, ఇందులో 6,500 దగ్గరే 93 వస్తుంది. మలుపు దాటాక గేరు దించాల్సిన పని తగ్గుతుంది.

బరువు కోసం అందాన్ని బలిపెట్టాలా అని అడగొచ్చు. కానీ 2014 నాటి మాన్‌స్టర్లలోనే ట్రెల్లిస్ కుంచించుకుపోయి, ఇంజిన్ హెడ్లకి వేలాడే పొట్టి ముక్కగా మిగిలింది. జనం కన్నీళ్లు పెట్టుకున్నది అప్పటికే సగం పోయిన దాని కోసం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. గాలితో చల్లబడే ఆ పాత సిలిండర్ల రెక్కల అందం, నీటి గొట్టాలు చుట్టుకున్న ఇంజిన్‌కి రాదు. ఒళ్లు దాచుకోని ‘నేకెడ్’ బండి అని పేరు పెట్టుకుని ప్లాస్టిక్ తొడుగులు కప్పుకోవడం ఏ మాత్రం బాగాలేదు. గొడవ పడాలంటే ఆ తొడుగుల మీద పడండి, ఫ్రేమ్ జోలికి పోకండి.