ఎమర్జెన్సీ చరిత్ర వాడదాకా రాలేదేం?

1975 జూన్ 25న వచ్చి 1977 మార్చి 21న పోయిన ఎమర్జెన్సీ గురించి చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. బిపన్ చంద్ర ఇందిరా గాంధీతో పాటు జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్నీ తప్పుపట్టాడు. జ్ఞాన్ ప్రకాశ్ ఒక మనిషి అధికారదాహం దగ్గరే ఆగలేదు. రాజ్యాంగం రాజ్యానికిచ్చిన అసాధారణ అధికారాల్లో దాని వేర్లు చూశాడు. ఇది ముందడుగే. కానీ నియంతృత్వం ఎట్లా వచ్చిందనేది ఒక ప్రశ్న, ఎట్లా నిలబడిందనేది ఇంకో ప్రశ్న.

ఈ రెండోదానికి ఎమ్మా టార్లో ఢిల్లీ పునరావాస కాలనీలో జవాబు వెతికింది. ఇంటిజాగా దక్కాలంటే పేదలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవాలి, లేదంటే డబ్బిచ్చి ఇంకొకరికి చేయించాలి. బాధితుల్నే భాగస్తుల్ని చేశారన్నమాట.

మరి మన దగ్గర? 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చిపెట్టింది. ఎమర్జెన్సీలోనే భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 ఆ పార్టీకే దక్కాయి. తిరుపతి, చిత్తూరు కూడా అందులోవే. పోయింది ఒక్క నంద్యాల.

పేదలు తెలియక ఓటేశారంటే మేం ఒప్పుకోం. ఇరవై సూత్రాల్లో ఇంటిజాగా ఉంది, వెట్టి రద్దు ఉంది. కరణం, మునసబుల ముందు ఏనాడూ నోరెత్తనివ్వని వాడకు పత్రికల సెన్సార్ కొత్త నష్టంగా తోచి ఉండదు. ఇస్తామన్న పట్టా మాత్రం కళ్లముందుంది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని 1949లోనే అంబేద్కర్ హెచ్చరించారు. హక్కుగా రావాల్సిన జాగా దయగా వచ్చినచోటే ఆ భక్తి పుడుతుందని మా వాదన.

ఇది తేలాలంటే దస్తావేజులొక్కటే చాలవు. ఆనాడు ఓటేసిన మన అవ్వాతాతల్ని, వాళ్లుండగానే, అడగాల.